ప్లిమత్ స్టోన్‌హౌస్ బారక్స్: అమ్మేస్తే తప్పేంటి?

తీరవాసి:
ఇంగ్లండ్‌లోని రేవు ఊరు ప్లిమత్‌లో ఉండేవాళ్లకి స్టోన్‌హౌస్ పేటలోని డర్న్‌ఫోర్డ్ స్ట్రీట్ తెలిసే ఉంటుంది. ఒక పక్క పాతకాలపు ఇళ్ల వరస, ఇంకో పక్క బూడిద రంగు సున్నపురాతి కట్టడం, దానికి పెద్ద కమాను గేటు, గేటు దగ్గర కాపలా. అదే రాయల్ మెరైన్స్ బారక్స్, అంటే బ్రిటిష్ నేవీకి చెందిన సముద్ర సైనికుల బస. 1780ల నాటిది. 2016లో బ్రిటన్ రక్షణ శాఖ దీన్ని వదిలించుకుంటామంది, 2023కల్లా ఖాళీ చేస్తామంది. ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చింది. "మెరైన్లని కదిలించొద్దు" అనేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఖాళీ చేసి ఇళ్లకి ఇచ్చేయాలంటాను.

కారణం సింపుల్. మెరైన్లలో ముందుండి పోరాడే కమాండో దళాలు అసలు ఇక్కడ ఉండవు. 42 కమాండో ఊరి బయట బిక్లీలో, 40 కమాండో టాంటన్ దగ్గర, 45 కమాండో ఎక్కడో స్కాట్లాండ్‌లో ఆర్బ్రోత్‌లో. శిక్షణ లింప్‌స్టన్‌లో, పడవల పని డెవన్‌పోర్ట్‌లో. ఇక్కడున్నది ముఖ్యంగా ఈ దళాలన్నిటినీ నడిపే హెడ్ ఆఫీసు, మొన్నటిదాకా 3 కమాండో బ్రిగేడ్ అనేవాళ్లు, ఇప్పుడు యూకే కమాండో ఫోర్స్. నాలుగు బల్లలు, కంప్యూటర్లు పెట్టుకోవడానికి సముద్రం ఒడ్డున ఇంత జాగా ఎందుకండీ?

పాతరాయి:
తీరవాసి గారూ, నాలుగు బల్లలని తేలిగ్గా తీసేశారు. 1982 ఏప్రిల్‌లో అర్జెంటీనాతో యుద్ధానికి ఫాక్‌లాండ్స్ దీవులకి వెళ్లిన బ్రిగేడ్ ఇదే. అప్పుడు దాన్ని నడిపింది బ్రిగేడియర్ జూలియన్ థాంప్సన్.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 1755లో 50 కంపెనీలతో మెరైన్ల దళాన్ని కొత్తగా కట్టి చాటమ్, పోర్ట్స్‌మత్, ప్లిమత్ అని మూడు డివిజన్లుగా పంచారు. అప్పట్లో వాళ్లకి సొంత బస లేదు. ఓడ దిగితే ఊళ్లోని సత్రాల్లో, సారాకొట్ల పైగదుల్లో సర్దుకోవాల్సిందే. పొద్దున్నే హాజరు తీసుకోవాలంటే ఎవడు ఏ కొట్లో ఉన్నాడో వెతుక్కోవాలి. ఆ బాధ పడలేకే ఒక మైదానం చుట్టూ మూడు పొడుగాటి బ్లాకులు కట్టారు. వీధి వైపున్న కమాను బ్లాకు ఎనభై ఏళ్లకి పైగా గడిచాక కలిసింది.

ఇప్పుడు ఆ మూడు ఊళ్ల సంగతి చూడండి. చాటమ్ బారక్స్ 1950లో మూసి తర్వాత కూలగొట్టారు. పోర్ట్స్‌మత్‌లోని ఈస్ట్‌నీ బారక్స్‌ని 1991లో ఖాళీ చేస్తే ఫ్లాట్లయ్యాయి. అక్కడి ఆఫీసర్ల మెస్‌లో నడిచిన మెరైన్స్ మ్యూజియం 2017లో మూతపడింది. ఆ మూడు పాత డివిజన్ల బారక్స్‌లో మెరైన్లు ఇంకా ఉంటున్నది ఇదొక్కటే. దీన్నీ అమ్మేద్దామంటారా?

లెక్కలమనిషి:
అమ్మితే కూలిపోతుందని ఎందుకనుకుంటున్నారు? ఇది చట్టం రక్షించే చారిత్రక కట్టడాల జాబితాలో గ్రేడ్ 2 స్టార్ కట్టడం. అనుమతి లేకుండా కిటికీ మార్చడానికి కూడా కుదరదు. అదే వీధి చివర రాయల్ విలియం యార్డ్ ఉంది కదా, నేవీకి రొట్టె, మాంసం, బీరు సరఫరా చేసిన చోటు. జాన్ రెన్నీ డిజైన్, 1830ల నాటికి పూర్తయింది. నేవీ 1992లో వెళ్లిపోయింది. ఇప్పుడు రొట్టెలు కాల్చిన బిల్డింగ్‌లో జనం కాపురాలుంటున్నారు, కింద హోటళ్లు నడుస్తున్నాయి. గేటు మీద నాలుగో విలియం విగ్రహం అలాగే ఉంది. నేవీ చేతిలో ఉన్నప్పుడు మామూలు జనం లోపలికెళ్లే వీలుండేదా? ఇప్పుడు పిల్లల్ని తీసుకుని నేరుగా సముద్రం ఒడ్డున డెవిల్స్ పాయింట్ దాకా నడిచి వెళ్తున్నాం.

గోదారిగట్టు:
లెక్కలమనిషి అన్నా, మీకు అనుకూలమైన ఉదాహరణ ఒక్కటే చెప్పారు. పక్కనే ఉన్న రాయల్ నేవల్ హాస్పిటల్‌ని మర్చిపోయారా? అది 1760ల నాటిది. రోగుల్ని విడివిడి బ్లాకుల్లో ఉంచి అంటురోగాలు పాకకుండా కట్టిన తీరు చూడటానికి ఫ్రాన్స్ నుంచి నిపుణులు వచ్చారు. 1995లో మూసేశారు. ఇప్పుడు దాని పేరు మిల్‌ఫీల్డ్స్. ఎత్తు గోడ, గేటు, లోపల ప్రైవేటు ఇళ్లు. నేవీ కాపలా పోయి సెక్యూరిటీ గార్డు వచ్చాడు, అంతే తేడా.

నా అనుమానం అదే. సముద్రం కనిపించే ఫ్లాట్లంటే వాటి రేటు ఎంతుంటుందో తెలిసిందేగా. ఇటు పది నిమిషాలు నడిస్తే యూనియన్ స్ట్రీట్, ఒకప్పుడు నావికుల బార్లతో రాత్రంతా వెలిగిన వీధి, ఇప్పుడు సగం మూతలే. స్టోన్‌హౌస్ ఊళ్లో పేద పేటల్లో ఒకటి. ఇక్కడ పుట్టి పెరిగినవాడు ఆ ఫ్లాట్ కొనగలడా?

వాల్తేరుకుర్రాడు:
విశాఖ నుంచి రాస్తున్నా. నేవీ ఊళ్లో పెరిగినవాళ్లకి గోడలు అలవాటే, గోడ అవతల ఏముందో అడగం కూడా. కానీ కుర్సురా సబ్‌మెరైన్‌ని 2001లో సర్వీసు నుంచి తప్పించి, మరుసటేడు ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా తెరిచాక ఆ ఇరుకు అరల్లో మనుషులు నెలల తరబడి ఎలా ఉన్నారో బడిపిల్లలకి కూడా తెలిసింది. మీ బారక్స్‌లో మ్యూజియం పెట్టొచ్చుగా?

పాతరాయి:
తమ్ముడూ, సబ్‌మెరైన్ ఒక్క వస్తువు, ఒడ్డుకి లాగి టికెట్ పెట్టొచ్చు. ఇది వందల గదులున్న రాతి కట్టడం. పైకప్పు కారితే ఎవరు బాగు చేయిస్తారు? ఈస్ట్‌నీలో మ్యూజియం పెట్టి 40 ఏళ్లకి పైగా నడిపారు, చివరికి ఏమైందో పైన రాశాను. ఒక్క థియేటర్ అయితే నడపొచ్చు. లోపల గ్లోబ్ థియేటర్ అని సైనికుల కోసం కట్టుకున్న పాత నాటకశాల ఉంది. ముందు బంతాటల గదిగా ఉండేది, తర్వాత స్టేజీ కట్టారు. ఊళ్లో పుట్టినవాళ్లలో కూడా దాన్ని చూడనివాళ్లే ఎక్కువ.

తీరవాసి:
చూశారా, మీరే నా వాదనకి వచ్చారు! ఇన్నేళ్లుగా మన మధ్య ఉన్న నాటకశాల మనకి కనపడదు. మెరైన్లు ఉన్నంత కాలం కనపడదు కూడా. చరిత్రని కాపాడుతున్నామంటే ఎవరి కోసం?

గోదారిగట్టు:
కనపడాలంటే అమ్మకం పత్రంలో రాయించాలి. మైదానానికి గేటు ఉండకూడదు, థియేటర్ ఊరికి దక్కాలి, కొన్ని ఇళ్లు స్థానికులు భరించగల అద్దెకి ఇవ్వాలి. ఈ మూడూ లేకుండా అమ్మితే ఇంకో మిల్‌ఫీల్డ్స్ తయారవుతుంది.

లెక్కలమనిషి:
షరతులు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. అమ్మేది రక్షణ శాఖ, వాళ్లు చూసేది ఖజానాకి ఎంత వస్తుందనే. మన నాటకాల సరదా కోసం తక్కువకి ఇస్తారా?

గోదారిగట్టు:
ఇవ్వరు. అందుకే వాళ్లని అడగడం దండగ. సైనిక స్థలం ఇళ్ల స్థలంగా మారాలంటే నగర కౌన్సిల్ ప్లానింగ్ అనుమతి కావాలి కదా, పట్టు అక్కడుంది. బిల్డర్ అప్లికేషన్ పెట్టాక ఫేస్‌బుక్‌లో గొడవ చేసే కన్నా, అమ్మకానికి పెట్టకముందే ఈ మూడూ కౌన్సిల్ ప్లాన్‌లో ఎక్కించుకోవాలి. అప్పుడు కొనేవాడు ఆ లెక్క చూసుకునే ధర చెప్తాడు.

పాతరాయి:
ఆ ప్లాన్‌లో మీ మూడు షరతులూ ఎక్కేదాకా అయితే మెరైన్లని కదలనివ్వకండి. వాళ్లు ఖాళీ చేసిన మర్నాటి నుంచే కప్పు కారడం మొదలవుతుంది. కారే కప్పుని చూపించి బిల్డర్ మొదట కొట్టేయించేది ఆ షరతులనే.

తీరవాసి:
సరే, ఈ ఒక్క విషయంలో మీతో నాకు పేచీ లేదు. ఖాళీ చేయాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.