చిలికలో పక్షుల మీద డ్రోన్ ఎగరేయొచ్చా?

ప్రశ్న: మేం బరంపురంలో ఉంటాం. ఈ చలికాలం చుట్టాలతో రంభ వెళ్లి ఒడిశాలోని చిలిక సరస్సులో పడవ ఎక్కాలని ప్లాన్. నా డ్రోన్ 249 గ్రాములే, లైసెన్స్ అక్కర్లేదంటున్నారు. నలబన దీవి మీద రెండు షాట్లు తీసుకుంటే ఇబ్బందా?

జవాబు: లైసెన్స్ అక్కర్లేదన్నది నిజమే తమ్ముడూ, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకూ నానోనే, అంటే అన్నిటికన్నా చిన్న తరగతి. కానీ నలబన 1987 నుంచి పక్షుల అభయారణ్యం, అక్కడ అటవీ శాఖ మాటే చెల్లుతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఫొటోల కోసం లోపలికి వెళ్లాలన్నా అనుమతి కావాలి, పైగా పక్షుల గూళ్లనో గుడ్లనో కదిలిస్తే ఆ చట్టం దాన్ని వేటగానే చూస్తుంది. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు పచ్చగా ఉందని అటవీ శాఖ ఒప్పుకున్నట్టు కాదు.

జవాబు: మాది రంభే. ఎక్కడో సైబీరియా వైపు నుంచి వచ్చిన బాతులు ఇక్కడ తిని బలం పుంజుకునేది తిరుగు ప్రయాణం కోసం. తల మీద గుయ్‌మంటూ ఏదొచ్చినా గద్దేమోనని మందంతా ఒక్కసారిగా లేస్తుంది, తిన్నదంతా ఆ ఎగరడానికే ఖర్చయిపోతుంది. వీడియోల్లో జనం వాహ్ అనేది సరిగ్గా ఆ షాట్‌కే, నాకు ఒళ్లు మండేదీ అక్కడే.

జవాబు: రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో కూడా ఇంతే, అనుమతి లేకుండా డ్రోన్ తీయకండి. అభయారణ్యానికి దూరంగా ఎగరేసినా, వల లాగే వాళ్ల నెత్తి మీదకి తెచ్చేముందు ఓ మాట అడగండి.

ప్రశ్న వేసినవారు: సరే అన్నా, డ్రోన్ ఇంట్లోనే. రంభలో బైనాక్యులర్ అద్దెకు దొరుకుతుందా?