ఫెసెంట్ల మేత దగ్గర ఎలుకలు: మందు పెట్టాలా, ట్రాపులతోనే నెట్టుకురావాలా?

నార్‌ఫోక్‌వాసి

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో నార్‌ఫోక్ పల్లెటూళ్లో ఉంటాను. ఊళ్లో ఎనిమిది మందిమి కలిసి చిన్న షూట్, అంటే పక్షుల్ని పెంచి తుపాకీతో వేటాడే బృందం, నడుపుతున్నాం. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఆరేడు వారాల ఫెసెంట్ (కోడి జాతి వేటపక్షి) పిల్లల్ని ఎండాకాలంలో తెచ్చి, తోపులో వల కట్టిన దొడ్లో అలవాటు చేసి బయటికి వదులుతాం. తోపు వదిలిపోకుండా డ్రమ్ముల్లో గోధుమలు పెడతాం. అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు వేట. జీతమిచ్చి గేమ్‌కీపర్‌ని (వేటపక్షుల్ని చూసుకునే మనిషిని) పెట్టుకునే స్తోమత లేదు, పనంతా మాదే.

ఇప్పుడు తలనొప్పి ఎలుకలతో. తోపు పక్క కంచె గట్టు నిండా కన్నాలే. మేత డ్రమ్ము కింద గడ్డి మొత్తం పోయి, గట్టు దాకా అరచెయ్యంత వెడల్పు దారి నున్నగా పడింది. చీకటి పడ్డాక టార్చి వేస్తే ఒక్క డ్రమ్ము దగ్గరే ఆరేడు కనిపిస్తున్నాయి.

సగం మంది మందు పెడదాం అంటున్నారు. ఇదివరకు బ్రోమడియోలోన్, డైఫెనకూమ్ అనే ఎలుకల మందులు నేరుగా కన్నాల్లో పెట్టేవాళ్లు. ఇక్కడ భవనాలకు దూరంగా, పొలాల్లో తోపుల్లో ఆ రెండింటి వాడకం 2024 డిసెంబర్ 31తో ఆగిపోయింది. భవనాల లోపల, వాటి చుట్టూ మాత్రం సర్టిఫికెట్ ఉన్నవాళ్లు పెట్టొచ్చు. మా మేత షెడ్డు గట్టుకు అరవై గజాల దూరం. "షెడ్డు చుట్టూ పెడితే గట్టు ఎలుకలు అక్కడికే వచ్చి తింటాయి" అని వాళ్ల వాదన. ఆ తోపులోనే ఒక బార్న్ గుడ్లగూబల జంట ఉంది. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

డెవన్ తెలుగు

అన్నా, నేను మందు పక్షమే. నిష్ఠూరంగా ఉన్నా చెప్తాను. ఆడ ఎలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ ఈతకొస్తాయి. రోజుకు ఒకటో రెండో ట్రాపులో పడితే పుట్టేవాటి లెక్క ముందు అదేం ఆనుతుంది?

ఇంకో సంగతి. మీ నార్‌ఫోక్‌లో బూడిదరంగు పార్ట్రిడ్జ్ (కౌజు లాంటి పిట్ట) ఇంకా మిగిలి ఉంది. 1967 నుంచి ఈ దేశంలో దాని సంఖ్య తొంభై శాతానికి పైగా పడిపోయింది. గట్టు కింద గూడు పెట్టి గుడ్లు పొదుగుతుంది. ఎలుకలు ఆ గుడ్లు తింటాయి, పిల్లల్నీ తింటాయి. గుడ్లగూబ మీద ఉన్న జాలి ఆ పిట్ట మీద ఎందుకు లేదు? మందు పెట్టెల్లో భద్రంగా పెట్టి, చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి కాల్చేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. మేం అలాగే చేస్తున్నాం.

పశువైద్యురాలు

"ఏరేస్తాం" అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది. ఈ మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న వెంటనే ఎలుక చావదు. నాలుగు రోజుల నుంచి పది రోజుల దాకా పడుతుంది. ఆ రోజులన్నీ తిరుగుతూనే ఉంటుంది, నీరసపడి పగటిపూట కూడా బయటికొస్తుంది. గుడ్లగూబకూ నక్కకూ పట్టుకోవడానికి అంతకంటే సులువైనది ఉండదు. మీరు ఏరేది చచ్చినవాటిని, అవి తినేది బతికున్నవాటిని. షెడ్డు దగ్గర తిన్న ఎలుక షెడ్డు దగ్గరే చావాలని ఎక్కడా లేదు, అరవై గజాలు దానికి లెక్కా?

బ్రిటన్‌లో చచ్చి దొరికిన బార్న్ గుడ్లగూబల కాలేయాలు పరీక్షిస్తే ఐదింట నాలుగింటికి పైగా ఈ మందుల ఆనవాళ్లు దొరుకుతున్నాయి. అవన్నీ మందు వల్లే చచ్చాయని నేననను, చాలావాటిని వాహనాలు గుద్దుతాయి. కానీ మందు అంత దూరం పాకిందన్నది నిజం. పైగా ఎలుకల్ని పట్టి తినే పక్షిని చంపుకుని ఎలుకలు పెరిగాయని బాధపడటం ఏం లాభం?

ఇంకోటి, హాంప్‌షైర్, బర్క్‌షైర్ వైపు ఎలుకలకు బ్రోమడియోలోన్, డైఫెనకూమ్ సరిగా పనిచేయడం లేదు. తిని చావని ఎలుక ఒంట్లో మందు పెట్టుకుని తిరుగుతూనే ఉంటుంది.

పాలకొల్లు రైతు

నాకు మీ ఫెసెంట్ల సంగతి తెలీదండి, ఎలుకల సంగతి తెలుసు. మా గోదావరి డెల్టాలో వరి పొట్ట మీదుండగా పిలకలు కొరికి పడేస్తాయి. మేం మందు వాడతాం, దాపరికం లేదు. నూకలు 96 పాళ్లు, నూనె 2, బ్రోమడియోలోన్ 2 పాళ్లు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో పెడతాం. నిజానికి మందు కన్నా ముందు చేసే పని ముఖ్యం.

సాయంత్రం గట్టు మీద ఉన్న కన్నాలన్నీ మట్టితో మూసేయండి, ఒక్కటీ వదలకుండా. తెల్లారి వెళ్లి చూడండి. తెరుచుకున్నవే ఎలుకలున్న కన్నాలు. మిగతావి ఉత్తివి. వంద కన్నాలు చూసి గుండెలు బాదుకుంటాం గానీ లెక్క తేలితే సగం కూడా ఉండవు.

మా ఊళ్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లు ఉన్నారు, ఎలుకకింత అని డబ్బు ఇస్తాం. వాళ్లు ఎక్కడ పడితే అక్కడ బుట్ట పెట్టరు, దారి చూసి పెడతారు. మీకు దారి అరచెయ్యంత కనబడుతోందంటున్నారు కదా, ఇంకేం కావాలండి? చేస్తే మటుకు చుట్టుపక్కల పొలాలవాళ్లు అందరూ ఒకేసారి చెయ్యాలి. మీ ఒక్కరి గట్టే శుభ్రం చేస్తే పక్కవాడి గట్టు నుంచి వారంలో దిగుతాయి.

హైదరాబాద్ పాఠకుడు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. కాల్చడానికే పెంచే పక్షుల కోసం ఇన్ని జీవాల్ని చంపడం సబబా? ఈ ప్రశ్న ఎవరూ అడగరేం?

నార్‌ఫోక్‌వాసి

అడగాల్సిన ప్రశ్నే, అడిగినందుకు కోపం లేదు. మేం కొట్టిన ప్రతి పక్షీ ఎవరో ఒకరి ఇంట్లో వండుకుంటారు, పారేయం. వేట తప్పని మీరనుకుంటే ఆ మాట నేను కాదనలేను. కానీ షూట్ రేపు ఆపేసినా ఈ ఎలుకల బాధ్యత మాదే, ఎందుకంటే గోధుమలు పోసి వాటిని పెంచింది మేమే. పైగా వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్, అదే మన ఊళ్లలో ఎలుక జ్వరం అంటారు, అది వస్తుంది. మా పిల్లలు ఆ గట్టు పక్క కాలువలోనే ఆడుకుంటారు.

డెవన్ తెలుగు

ట్రాపులకే వెళ్తానంటే ఒక జాగ్రత్త చెప్తాను అన్నా. ఫెన్ ట్రాప్ (స్ప్రింగ్‌తో కొట్టి చంపే రకం) ఎలుకలకు వాడొచ్చు గానీ స్టోట్‌లకు (ముంగిసలా సన్నగా ఉండే చిన్న వేటజంతువు) 2020 ఏప్రిల్ నుంచి కుదరదు. మీ గట్టు మీద స్టోట్ తిరుగుతుంటే డాక్ రకం ట్రాపులు కొనుక్కోండి. ఏదైనా సొరంగంలా కట్టిన పెట్టెలోనే పెట్టాలి. ద్వారం ఎలుక పట్టేంతే ఉండాలి, హెడ్జ్‌హాగూ (ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువు) పక్షీ దూరకూడదు. బోనులో ప్రాణంతో పడిన ఎలుకను నీళ్లలో ముంచి చంపకూడదు, అది ఇక్కడ నేరం. నా అభిప్రాయం మటుకు మారలేదు. ఎలుకలు వందల్లోకి పోయాక ట్రాపులు చాలవు.

నార్‌ఫోక్‌వాసి

ఇరవై నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను.

పాలకొల్లు రైతు గారూ, మీరు చెప్పినట్టే చేశాం. శనివారం సాయంత్రం ముగ్గురం కలిసి 63 కన్నాలు మూశాం, కోడిగుడ్డంత మట్టిగడ్డలు అదిమి అదిమి. ఆదివారం పొద్దున్నే వెళ్తే 22 తెరుచుకున్నాయి. తవ్విపోసిన తడిమట్టి చూస్తే చాలు, లోపల ఉన్నట్టు తెలిసిపోతోంది. మిగతా గట్టు వదిలేసి ఆ 22 దగ్గరే దృష్టి పెట్టాం.

ముందు మేత మార్చాం. నేల మీద గింజ మిగలకుండా డ్రమ్ముల అడుగున గింజ రాల్చే స్ప్రింగులు బిగించాం, డ్రమ్ముల్ని గట్టు నుంచి దూరంగా బయల్లోకి జరిపాం, వారానికోసారి చోటు మారుస్తున్నాం. షెడ్డులో గోధుమ బస్తాలు తీసి మూతలున్న ఇనప పీపాల్లో పోశాం. ఈ ఒక్క పనితోనే సగం తేడా కనబడింది. తర్వాత దారుల మీద పన్నెండు పెట్టె ట్రాపులు పెట్టాం. మొదటి మూడు రోజులు స్ప్రింగ్ ఎక్కించకుండా ఉత్తగా వదిలేశాం, కొత్త వస్తువును ఎలుక అనుమానిస్తుంది కాబట్టి. రోజూ పొద్దున్నే నేనే చూసి వస్తున్నాను. ఇప్పటికి 71 పడ్డాయి. పక్క రైతు తన టెర్రియర్ కుక్కల్ని తెచ్చి ఒక పూట గడ్డివాము కదిపించాడు, అక్కడ ఇంకో 30 దాకా.

నిన్న మళ్లీ కన్నాలు మూశాం. ఇవాళ తెరుచుకున్నవి ఐదు.

తమ్ముడూ, మందు జోలికి వెళ్లకుండానే ఇక్కడి దాకా వచ్చాం. వందల్లో ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, మావి అన్ని లేవు. మా వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నీ మాటే అంటున్నారు. షెడ్డు చుట్టూ మందు పెట్టే విషయం వచ్చే నెల మీటింగ్‌లో ఓటుకు పెడుతున్నారు. నేను వద్దనే ఓటేస్తాను. రాత్రి ట్రాపుల దారిలో టార్చి ఆర్పి నిలబడితే గుడ్లగూబ తెల్లగా గట్టు వెంబడి చప్పుడు లేకుండా వెళ్లింది. కాళ్లలో ఏదో వేలాడుతోంది. అది ఎలుకో చుంచో చీకట్లో తెలియలేదు గానీ, ఏదైనా దాని ఒంట్లో మేం పెట్టిన మందు మాత్రం లేదు.

పాలకొల్లు రైతు

చాలా సంతోషమండి. ఆ ఐదు కన్నాలూ వదలకండి. పక్క రైతు గట్టు కూడా ఒకసారి మూసి చూడమనండి, ఎన్ని తెరుచుకున్నాయో ఇక్కడ రాయండి.