హార్డ్‌వేర్ ఆర్‌ఎన్‌జీకి (ర్యాండమ్ నంబర్లు పుట్టించే చిప్ భాగానికి) డ్రైవర్ రాస్తున్నా, క్వాలిటీ ఎంత పెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఒక ఆర్మ్ బోర్డుకి లినక్స్ పోర్ట్ చేస్తున్నా, చిప్‌లో ర్యాండమ్ నంబర్ బ్లాక్ ఉంది, దానికి డ్రైవర్ రాసి రిజిస్టర్ చేస్తే /డెవ్/హెచ్‌డబ్ల్యూఆర్‌ఎన్‌జీ నుంచి బైట్లు వస్తున్నాయి, కాకపోతే హెక్స్ డంప్‌లో అప్పుడప్పుడు 7ఎ 19 సి4 02, మళ్ళీ 7ఎ 19 సి4 02 అని అవే నాలుగు బైట్లు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. క్వాలిటీ ఫీల్డ్‌లో ఏం పెట్టాలో కూడా తెలీట్లేదు. ఇంకోటి, టీమ్‌లో కొందరు ఎన్‌క్రిప్షన్ కీస్ నేరుగా ఈ డివైస్ నుంచే తీసుకుందాం, మధ్యలో కర్నెల్ పూల్ (అన్ని సోర్సుల ర్యాండమ్ డేటాని కర్నెల్ కలిపి ఉంచే చోటు) ఎందుకు అంటున్నారు, అది కరెక్టేనా?

రిప్లై 1:
క్వాలిటీ అంటే ప్రతి 1024 బిట్లలో నిజమైన ఎంట్రోపీ (ఎవరూ ఊహించలేని ర్యాండమ్‌నెస్) ఎన్ని బిట్లు ఉందో మీరిచ్చే అంచనా అండి. పాత కర్నెల్స్‌లో సున్నా వదిలేస్తే క్రెడిట్ ఏమీ ఇచ్చేది కాదు, అంటే పూల్ ఎంట్రోపీ లెక్కలో కలిపేది కాదు, కర్నెల్ 6.2 నుంచి సున్నా అంటే మొత్తం 1024 అనుకుంటుంది, అందుకని మీ బ్లాక్ కండిషనింగ్ (నాయిస్‌ని శుద్ధి చేసే స్టెప్) లేకుండా రా నాయిస్ ఇస్తుంటే ఖాళీగా వదలొద్దు. మాన్యువల్ చూసి తక్కువే వేయండి. తక్కువ వేస్తే బూట్‌లో పూల్ రెడీ అవ్వడం కాస్త లేటవుతుందంతే, ఎక్కువ వేస్తే మాత్రం 256 బిట్లు నిజంగా రాకముందే గెట్‌ర్యాండమ్ (ప్రోగ్రామ్‌లు ర్యాండమ్ బైట్లు అడిగే సిస్టమ్ కాల్) తలుపులు తీసేస్తుంది, ఆ టైంలో పుట్టిన కీస్‌ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

రిప్లై 2:
కీస్ నేరుగా డివైస్ నుంచి తీసుకోవడం మాత్రం వద్దే వద్దు. 2019లో ఏఎండీ రైజెన్ 3000 ప్రాసెసర్లు వచ్చిన కొత్తలో ఆర్‌డిర్యాండ్ (ప్రాసెసర్‌లోని ర్యాండమ్ నంబర్ ఇన్‌స్ట్రక్షన్) ఎన్నిసార్లు అడిగినా అన్నీ 1 బిట్లే ఇచ్చేది, పైగా నంబర్ వచ్చిందో లేదో చెప్పే క్యారీ ఫ్లాగ్‌లో సక్సెస్ అనే చూపించేది, దాన్ని నేరుగా వాడిన సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు మొదలుపెట్టే ప్రోగ్రామ్) దెబ్బకి కొన్ని డిస్ట్రోలు బూటే అవ్వలేదు, చివరికి బయోస్ అప్‌డేట్ ఇచ్చారు. పూల్‌లోకి పంపితే ఇంటరప్ట్ టైమింగులు, ఇంకా మిగతా సోర్సులన్నిటితో బ్లేక్2ఎస్ అనే హ్యాష్‌లో కలుస్తుంది, ఒకటి పాడైనా మిగతావాటి బలం ఎక్కడికీ పోదు. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు కూడా 10వ వెర్షన్‌లో ఇదే లైన్ తీసుకున్నారు, హార్డ్‌వేర్ అవుట్‌పుట్ నేరుగా ఇవ్వకుండా యారో అనే సాఫ్ట్‌వేర్ ర్యాండమ్ జనరేటర్ గుండా పంపారు.

రిప్లై 3:
క్వాలిటీ సంగతి తర్వాత, ముందు ఆ రిపీట్ అయ్యే బైట్లు చూడు బ్రో. నాలుగు బైట్లు ర్యాండమ్‌గా వెంటనే రిపీట్ అయ్యే ఛాన్స్ దాదాపు 430 కోట్లలో ఒకటి, అప్పుడప్పుడు కనిపించే సీనే లేదు. స్టేటస్ రిజిస్టర్‌లో రెడీ బిట్ చూడకుండా డేటా రిజిస్టర్ చదివేస్తున్నావేమో, కొత్త వర్డ్ తయారవ్వకముందే చదివితే చాలా చిప్స్‌లో పాతదే మళ్ళీ వస్తుంది. రెడీ కాకపోతే, నీ రీడ్ ఫంక్షన్‌కి వచ్చే వెయిట్ ఆర్గ్యుమెంట్ ఫాల్స్ అయితే సున్నా రిటర్న్ చెయ్యి, ట్రూ అయితే టైమౌట్ పెట్టి పోల్ చెయ్యి, ఎన్ని బైట్లు నిజంగా వచ్చాయో అంతే చెప్పు, బఫర్ నింపడానికి పాతవి తోసెయ్యకు. చిప్‌లో హెల్త్ టెస్ట్ (నాయిస్ బాగుందో లేదో చిప్ తనే చూసుకునే టెస్ట్) ఎర్రర్ బిట్ ఉంటే అదీ చూడు, అది పడితే ఆ డేటా పారేసి ఎర్రర్ రిటర్న్ చెయ్యి. సస్పెండ్ నుంచి లేచాక క్లాక్ ఆన్ చేసి, ఆసిలేటర్ కుదురుకోడానికి మాన్యువల్ ఎంత టైం చెప్తే అంత ఆగి అప్పుడే చదువు.