"నీ చేతు లెట్లాడెనో": ఇక్కడ 'ఆడటం' అంటే?

పోతన భాగవతంలో, నిద్రపోతున్న తన కొడుకుల్ని చంపిన అశ్వత్థామను ద్రౌపది నిలదీసే "ఉద్రేకంబున రారు శస్త్రధరులై" పద్యం చివర "నీ చేతు లెట్లాడెనో" అని ఉంది కదా, చేతులు ఆడటమేమిటని నిన్న ఒకరు అడిగారు.

టెన్షన్‌లో "కాలూ చేయీ ఆడలేదు" అంటామే, అదే ఆడటం. నిద్రపోతున్న పసివాళ్ల మీద కత్తి ఎత్తితే ఎవరి చెయ్యైనా దానంతటదే బిగుసుకుపోవాలి. అశ్వత్థామ చెయ్యి బిగుసుకోలేదు. ద్రౌపది నిలదీసేది దాని గురించే.

పై పాదాలు చూడండి. ఆయుధాలు పట్టి మీదికి రాలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు కాస్త ద్రోహమైనా చేయలేదు, పోరాటం తెలియని పిల్లలు, పైగా నిద్రలో ఉన్నారు. కడుపుకోతలో ఉన్న తల్లి నోట ఇంత వరస! నాకైతే ఇది శాపంలా కాదు, అభియోగపత్రంలా వినిపిస్తుంది. పోరులో పాల్గొనని వాళ్లను చంపకూడదని 1949 జెనీవా ఒప్పందాలు చెప్పిందీ ఇదే. "బలోత్సేకంబుతో" అన్న మాట దాటేయకండి. బలం తలకెక్కి, అని.

ఇంత అడిగాక కూడా ఆమె పగ తీర్చమనలేదు. వాడి తల్లి తనలా ఏడవకూడదు, విడిచిపెట్టమంది. భీముడు ఒప్పుకోలేదు. చివరికి అర్జునుడు జుట్టు కోసి, తలమీది మణి తీసుకుని వెళ్లగొట్టాడు. శిక్ష పడింది, ప్రాణం మిగిలింది.

మరొకరి ప్రశ్న నన్ను రాత్రంతా వదల్లేదు: "ఆజ్ఞలిచ్చే పెద్దల చేతులు అసలు ఆడవు కదా, వాళ్లనేమని అడగాలి?"

దానికి మన క్రియల్లోనే జవాబుంది. చంపాడు, చంపించాడు, చంపనిచ్చాడు. "పైవాళ్లు చెప్పారు, చేశాం" అన్న సాకుతో చంపినవాడు తప్పించుకోలేడని 1946లో నాజీ నాయకుల విచారణలో వచ్చిన నూరెంబర్గ్ తీర్పు తేల్చింది. చంపించినవాడు ఎంత పెద్ద పదవిలో ఉన్నా మినహాయింపు లేదని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన 1998 రోమ్ శాసనం అంటుంది. తన కింది సైన్యం చేస్తున్నది తెలిసీ ఆపని సేనాధిపతినీ అదే శాసనం బోనెక్కిస్తుంది. అది 'చంపనిచ్చాడు'.

నాలుగోది కూడా ఉంది, చేయూత. లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు పొరుగుదేశం సియెర్రా లియోన్ యుద్ధనేరాల్లో 2012లో 50 ఏళ్ల జైలు పడింది. కొన్ని దాడులకు పథకం వేసినందుకు, తిరుగుబాటుదారులకు చేయూతనిచ్చినందుకు. కత్తి వేరేవాళ్లు పట్టారు. ఈయన చెయ్యి ఆడిందనే కోర్టు లెక్కగట్టింది.