ఫుల్ ఛార్జ్ చూపిస్తున్న డ్రిల్ బ్యాటరీ 4 రంధ్రాలకే ఆగిపోతోంది

నమస్తే. ఫాల్స్ సీలింగ్ పని చేస్తాను. ఇంకా కరెంటు రాని సైట్లలో, నిచ్చెన ఎక్కి వైరు లాగే అవస్థ లేకుండా 18 వోల్టుల బ్యాటరీ హ్యామర్ డ్రిల్ వాడుతున్నాను. చాలా సుఖంగా ఉండేది.

బ్యాటరీ 4 ఆంపియర్ అవర్, కొని 2 ఏళ్లు, వారంటీ అయిపోయింది. ఒక ఛార్జ్‌కి స్లాబ్‌లో 8 ఎంఎం రంధ్రాలు 60 దాకా పడేవి. మూడు వారాలుగా నాలుగైదు పడగానే ఆగిపోతోంది. ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితే రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇదే బ్యాటరీతో స్క్రూలు మాత్రం బాగానే బిగుస్తున్నాయి.

కాంటాక్ట్‌లు తుడిచాను. ఎండలో వేడెక్కిందేమోనని గంటసేపు నీడలో ఉంచి చూశాను. తోటి పనివాడి బ్యాటరీ పెడితే డ్రిల్ మామూలుగా నడిచింది, కాబట్టి మోటారు బాగానే ఉంది.

చివరికి ప్యాక్ విప్పాను. లోపల 18650 సైజు లిథియం సెల్స్ (చిన్న గుండ్రటి బ్యాటరీలు) 10, రెండేసి చొప్పున 5 జతలు. మల్టీమీటర్‌తో చూస్తే నాలుగు జతలు 4.1 వోల్టులు, ఒకటి 3.7. ఎలక్ట్రానిక్స్ షాపులో ఆ జతను విడిగా 4.1 దాకా ఛార్జ్ చేయించాను. వాడకుండా ఉంచినా మర్నాటికి 3.8కి దిగింది. మిగతావి కదల్లేదు.

షాపతను ఆ రెండు సెల్సే మారిస్తే చాలంటున్నాడు. పాతవాటితో కొత్తవి కలిస్తే వేడెక్కుతాయేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఇలా చేయించినవాళ్లు చెప్పండి: ఆ ఒక్క జత మార్పిస్తే సరిపోతుందా, 10 సెల్సూ మార్చాల్సిందేనా?