తొలిచూలు గేదె దూడ చన్ను పట్టడం లేదు, ముర్రుపాలు ఎలా తాగించాలి?

ప్రశ్న (పాడి రైతు, తెనాలి ప్రాంతం)

అందరికీ నమస్కారం. మా ముర్రా పడ్డ ఈ తెల్లవారుజామున తొలిచూలు ఈనింది. కాళ్లు బయటికి వచ్చాక కూడా తల చాలాసేపు రాకపోవడంతో దూడను లాగవలసి వచ్చింది. పుట్టింది పెయ్యదూడ. ఊపిరి బాగానే తీసుకుంటోంది, పట్టుకుంటే నిలబడుతోంది, కానీ పొదుగు దగ్గరకు తీసుకెళ్లి చన్ను నోట్లో పెట్టినా చప్పరించడం లేదు. నాలుక కాస్త ఉబ్బి ఒక పక్కగా బయటికి వచ్చింది. తల్లి దూడను బాగా నాకుతోంది, తన్నడం లేదు. ఈని మూడు గంటలు దాటినా మాయ ఇంకా పడలేదు. మాయ పడేదాకా ముర్రుపాలు పితకకూడదని మా ఇంట్లో పెద్దలు అంటున్నారు. పక్కింటివారేమో వెదురు గొట్టంతో పోసేద్దామంటున్నారు. ఏది మంచిదో అనుభవమున్నవారు దయచేసి త్వరగా చెప్పగలరు.

సమాధానం (పశువైద్యుడు)

మాయ కోసం ఒక్క నిమిషం కూడా ఆగకండి. దూడ చన్ను చీకినా, మనం పాలు పితికినా తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. పాలు చేపడానికీ, గర్భసంచి ముడుచుకుని మాయ జారడానికీ అదే కారణం కాబట్టి, ముర్రుపాలు తీయడం వల్ల మాయ పడటానికి మేలే తప్ప కీడు లేదు. 12 గంటలు గడిచినా పడకపోతే డాక్టరును పిలవండి, అంతవరకూ దానిని లాగడం గానీ, బరువు కట్టడం గానీ చేయవద్దు.

ఇంత తొందర ఎందుకంటే, రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు మనుషులలో కడుపులో ఉండగానే తల్లి నుంచి బిడ్డకు చేరతాయి, గేదెలలో మాత్రం అలా చేరవు, అవి దూడకు ముర్రుపాల ద్వారానే అందాలి. వాటిని పేగులు నేరుగా రక్తంలోకి పీల్చుకోగలిగేది పుట్టిన మొదటి గంటలలోనే. ఆ శక్తి గంటగంటకూ తగ్గిపోతూ 24 గంటలకు దాదాపుగా ఆగిపోతుంది. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు అందాలి, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు. అందులో సగమైనా ఇప్పుడు, ఈ పూటే పడాలి.

అయితే పాలు పట్టే ముందు దూడ నోట్లో శుభ్రమైన వేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి, ఎందుకంటే ఒళ్లు చల్లబడిన దూడ సరిగా మింగలేదు, తాగినవి అరిగించుకోలేదు. థర్మామీటరు ఉంటే మలద్వారంలో పెట్టి చూడండి, 101.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. 100 కన్నా తక్కువైతే పొడి గోనెసంచితో ఒళ్లంతా గట్టిగా రుద్ది, గాలి తగలని చోట వరిగడ్డి మీద పడుకోబెట్టి, వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి డొక్కల పక్కన పెట్టండి.

వెదురు గొట్టం మాత్రం వద్దే వద్దు. ఈత ఆలస్యమైన దూడకు నాలుక ఉబ్బి, చప్పరించే శక్తి మందగించి ఉంటుంది. అలాంటి దూడ తల పైకెత్తి పాలు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి నిమోనియా వస్తుంది. ముర్రుపాలు గోరువెచ్చగా ఉండగానే, సన్నని రంధ్రమున్న రబ్బరు నిపిలు సీసాతో, దూడ నిలబడి లేదా రొమ్ము ఆనించి కూర్చుని ఉండగా, తల మామూలు ఎత్తులోనే ఉంచి పట్టండి. దగ్గితే వెంటనే ఆపండి. అలా కూడా తాగకపోతే పొట్టలోకి గొట్టం వేసి పట్టవచ్చు, కానీ అది తెలిసినవారి చేతనే చేయించాలి. 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

సమాధానం (పాడి నడిపే గృహిణి, నల్లగొండ జిల్లా)

డాక్టరు గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. తొలిచూలు గేదెలకు పొదుగు వాచి చన్నులు బిగుసుకుని ఉంటాయి, చన్ను చివర మైనం లాంటి బిరడా కూడా ఉంటుంది. దూడ పీల్చినా ఏమీ రాకపోతే విసిగి వదిలేస్తుంది. అందువల్ల నాలుగు చన్నుల నుంచీ మొదటి ధారలు కొన్ని పిండి, పొదుగును గోరువెచ్చని నీళ్లతో తుడిచి మెత్తబరచండి. తరువాత దూడ నోట్లో వేలు పెట్టి అంగిలిని మెల్లగా రాయండి, అది వేలిని చప్పరించడం మొదలుపెట్టగానే వేలి పక్కనుంచే చన్ను అందించి, రెండో చేత్తో నోట్లోకి కాసిని పాలు పిండండి. ఆ సమయంలో ఇంకొకరు తోక మొదట్లో రుద్దుతూ ఉంటే మంచిది, తల్లి నాకేది కూడా అక్కడే. మెడ పట్టి పొదుగులోకి తోయకండి, తోసినకొద్దీ దూడ వెనక్కే లాగుతుంది. వెనుక మన మోకాలు ఆసరాగా పెడితే చాలు.

ఇంకొకటి చూడండి. తాగిన పాలు ముక్కు నుంచి బయటికి వస్తుంటే అంగిలి చీలి ఉండవచ్చు. అప్పుడు పాలు పట్టడం ఆపి డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న అడిగిన రైతు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. దూడ ఒళ్లు 99 ఉంది. ఎండలో ఉంచి, రుద్ది, సీసాలు పెట్టాక 101 దాటింది. అప్పుడు సీసాతో లీటరు పైగా ముర్రుపాలు తాగింది, సాయంత్రం మరికొంత తాగింది. మాయ మధ్యాహ్నానికే పడిపోయింది. నాలుక వాపు తగ్గుతోంది గానీ, సీసా పట్టినంత చురుగ్గా చన్ను పట్టడం లేదు. సీసాకే అలవాటు పడిపోతుందేమో అని దిగులుగా ఉంది. మిగిలిన ముర్రుపాలు ఏం చేయాలి?

సమాధానం (పశువైద్యుడు)

చాలా సంతోషం. ఇక ప్రతిసారీ ఆకలి మీద ఉన్నప్పుడు ముందు తల్లి దగ్గరే వదలండి. అది ఎంత తాగిందో చూసుకుని, తక్కువైనంత మేరకే సీసాతో ఇవ్వండి. సీసాను కూడా పొదుగు పక్కన, చన్నుల ఎత్తులోనే పట్టుకుని, దూడ చప్పరిస్తున్న సమయంలో నిపిలు తీసి చన్ను అందించండి. నాలుక వాపు పూర్తిగా తగ్గాక చాలా దూడలు వాటంతట అవే చన్ను పట్టుకుంటాయి. రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా తాగించండి, ఒకేసారి ఎక్కువ పట్టవద్దు.

మిగిలిన ముర్రుపాలన్నీ జున్నుకు వాడేయకండి. శుభ్రమైన సీసాలలో ఒక లీటరైనా డీప్ ఫ్రీజరులో దాచండి, తరువాత ఈనే గేదెకు పాలు చాలకపోతే ఆ దూడకు అవే ఆధారం. వాడేటప్పుడు సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచి కరిగించాలి తప్ప పొయ్యి మీద పెట్టకూడదు, 60 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రతిరక్షకాలు దెబ్బతింటాయి.

బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూశారా? పూయకపోతే ఇప్పుడే పూసి, ఎండిపోయేదాకా రోజూ చూస్తూ ఉండండి. చెవులు వాల్చేసినా, బొడ్డు వాచినా, పారుకున్నా, తాగడం మళ్లీ మానేసినా తెల్లవారేదాకా ఆగకుండా ఫోను చేయండి. గేదె దూడలకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు సోకుతాయి కాబట్టి, పది రోజుల వయసులో పైపరజీన్ మందు తప్పక తాగించాలి. మోతాదు దూడ బరువును బట్టి ఉంటుంది, అందుకని మీ ఊరి పశువైద్యశాలలో దూడను తూచి చూసి తీసుకోండి.