అప్‌డేట్: పాత డెస్క్‌టాప్‌లో చివరికి ఏం మార్చానంటే

ఇంటెల్ ఐ5-4570 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న నా సిస్టమ్‌లో ముందు ఏ భాగం మార్చాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, ఆ పని పూర్తయింది.

ముందు ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే స్టోరేజ్) వేయమన్నవాళ్లందరికీ చాలా థాంక్స్. నా మదర్‌బోర్డులో ఎం.2 స్లాట్ (చిన్న కార్డులా ఉండే ఎస్ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) లేదు, అందుకే హార్డ్ డిస్క్‌లా కేబుల్‌తో కలిపే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తీసుకున్నాను. సాటా కాబట్టి వేగం సెకనుకు 550 ఎంబీ దాటదు, అయినా తేడా అద్భుతంగా ఉంది. బటన్ నొక్కి కుర్చీ లాక్కుని కూర్చునేలోపే లాగిన్ స్క్రీన్ వచ్చేస్తోంది!

ర్యామ్ విషయంలోనే తప్పు చేశాను. చూసుకోకుండా తర్వాతి తరం ర్యామ్ అయిన డీడీఆర్4 స్టిక్ తెచ్చాను. స్లాట్‌లో పెడితే గాడి దగ్గర అడ్డం పడింది. గట్టిగా నొక్కబోయి, ఎందుకో అనుమానం వచ్చి ఆగాను. నా మదర్‌బోర్డుకి సరిపోయే డీడీఆర్3కి 240 పిన్నులు, నేను తెచ్చిన డీడీఆర్4కి 288. నొక్కి ఉంటే స్లాటే పోయేది. అది మార్చి 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు రెండు వేశాను.

నా పవర్ సప్లైలో గ్రాఫిక్స్ కార్డుకి విడిగా కరెంటు ఇచ్చే 6 పిన్ కేబుల్ లేదు. అందుకని మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు మోడల్ ఎంచుకున్నాను. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. ప్రాసెసర్ ముట్టుకోలేదు, నా పనికి అదే సరిపోతోంది.